వలసపక్షుల ద్వీపయాత్ర: విస్తరణ విద్యకు కొన్ని పాఠాలు

వ్యవసాయ విస్తరణ శాస్త్రంలో క్షేత్ర సందర్శన అతి పాత బోధనాపద్ధతి. రైతులను ఒక పొలానికి తీసుకొని వెళ్ళి, పైరును కళ్ళారా చూపించి, ఒకరితో ఒకరు మాట్లాడుకొనే అవకాశం కల్పించినప్పుడు ఏర్పడే నమ్మకం ఏ కరపత్రం వల్లనూ ఏర్పడదని ఈ శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. అయినా ఆచరణలో అనేక సందర్శనలు హాజరు పట్టీతో మొదలై ఛాయాచిత్రంతో ముగుస్తున్నాయి. ఆ రోజు చూచినది ఏమిటి, లెక్కించినది ఎంత, వెతికినా కనిపించనిది ఏది అన్న ప్రశ్నలకు సమాధానం నమోదు కావడం అరుదు. ఈ లోపాన్ని సరిదిద్దుకొనడానికి, సేద్యంతో సంబంధం లేనట్లు కనిపించే ఒక వ్యాపకం నుండి నేర్చుకొనదగినది చాలా ఉన్నది. అదే బృందంగా సాగే పక్షి వీక్షణ. వసంతకాలపు వలస సమయంలో ఉపోష్ణమండల ద్వీపాలలో జరిగే ఒక్కరోజు యాత్రలు దీనికి చక్కని ఉదాహరణ. వాటిలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఫ్లోరిడా కీస్, డ్రై టోర్టుగాస్ ద్వీపాల యాత్ర ప్రసిద్ధమైనది.

ద్వీపాలు, వాటి స్థానం

ఫ్లోరిడా ద్వీపకల్పం దక్షిణ కొసన మొదలై నైరుతి దిశగా వంపు తిరిగి సాగే చిన్న ద్వీపాల వరుసను కీస్ అంటారు. కర్కటరేఖకు కొంచెం ఉత్తరాన ఉన్న ఈ ద్వీపాలను 42 వంతెనలతో కూడిన రహదారి ఒకదానితో ఒకటి కలుపుతుంది. రహదారి కీ వెస్ట్ పట్టణం వద్ద ముగుస్తుంది. అక్కడి నుండి క్యూబా తీరం సుమారు 145 కిలోమీటర్లే. కీ వెస్ట్‌కు పడమరగా సుమారు 110 కిలోమీటర్ల దూరంలో, సముద్రం నడుమ డ్రై టోర్టుగాస్ అనే ఏడు చిన్న దీవులు ఉన్నాయి. తాబేళ్ళు విరివిగా ఉండడం వల్ల 1513లో స్పెయిన్ నావికులు వీటికి టోర్టుగాస్ అని పేరు పెట్టారు. మంచినీరు లేదని నావికులను హెచ్చరించడానికి తరువాతి కాలంలో ‘డ్రై’ అనే మాట ముందు చేరింది. 1992 నుండి ఇది జాతీయ ఉద్యానం. ఉద్యాన విస్తీర్ణంలో నేల ఒక శాతానికి లోపే, మిగిలినదంతా సముద్రమే.

ఈ ఏడు దీవుల ప్రాముఖ్యం వాటి స్థానంలో ఉన్నది. దక్షిణ అమెరికాలోను, కరీబియన్ ద్వీపాలలోను, మధ్య అమెరికాలోను శీతకాలం గడిపిన పక్షులు మార్చి నుండి మే వరకు సంతానోత్పత్తి కోసం ఉత్తరానికి మరలుతాయి. వాటిలో అనేకం మెక్సికో సింధుశాఖను గాని, ఫ్లోరిడా జలసంధిని గాని ఒకే ఊపున దాటవలసి ఉంటుంది. యుకటాన్ తీరం నుండి ఉత్తర తీరానికి దూరం సుమారు వెయ్యి కిలోమీటర్లు. పది గ్రాముల బరువున్న వార్బ్లర్, మూడు గ్రాముల బరువున్న హమ్మింగ్ పక్షి సాయంసంధ్యలో బయలుదేరి, రాత్రంతా ఎగిరి, మరునాటికి నేల చేరవలసిందే. నడుమ వాలడానికి చెట్టు లేదు. అలసిన పక్షికి దారిలో దొరికే పిడికెడు నేల డ్రై టోర్టుగాస్.

ఒక్క పగటి యాత్ర స్వరూపం

యాత్ర సాధారణంగా ఏప్రిల్‌లో గాని, మే మొదటి వారంలో గాని జరుగుతుంది. ఉదయం కీ వెస్ట్ రేవు నుండి బయలుదేరే నౌక రెండు గంటలకు పైగా ప్రయాణించి గార్డెన్ కీ అనే దీవికి చేరుతుంది. దీవిలో గడపడానికి దొరికేది సుమారు నాలుగు గంటలు. సాయంత్రానికి నౌక తిరిగి రేవుకు చేరుతుంది. గార్డెన్ కీలో అధిక భాగాన్ని ఫోర్ట్ జెఫర్సన్ అనే ఇటుకల కోట ఆక్రమించి ఉన్నది. 1846లో నిర్మాణం మొదలైన ఈ కోటకు కోటీ అరవై లక్షల ఇటుకలు పట్టాయని చెబుతారు. కోట లోపలి మైదానంలో కొన్ని చెట్లు, పక్షుల కోసం ఏర్పాటు చేసిన ఒక చిన్న నీటి తొట్టి ఉన్నాయి. మంచినీరు లేని దీవిలో ఆ తొట్టే వలసపక్షులకు ఆధారం. వీక్షకులకు అదే తరగతి గది.

పక్కనే ఉన్న బుష్ కీలో సూటీ టర్న్ అనే సముద్రపక్షులు వేల సంఖ్యలో గూళ్ళు పెడతాయి. వాటి నడుమ బ్రౌన్ నాడి పక్షులు ఉంటాయి. లాంగ్ కీలో ఫ్రిగేట్ పక్షులు, హాస్పిటల్ కీలో మాస్క్‌డ్ బూబీలు సంతానోత్పత్తి చేస్తాయి. ఒకప్పుడు ఈ టర్న్ గుడ్లను పడవలకెత్తి హవానా బజారుకు తరలించేవారు. ఆ దోపిడీని అరికట్టడానికి 1908లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఈ దీవులను పక్షుల రక్షిత స్థలంగా ప్రకటించారు. ఈనాడు గూళ్ళు పెట్టే కాలంలో బుష్ కీలో సందర్శకులు అడుగు పెట్టరాదు. పక్కదీవి ఒడ్డున నిలబడి చూడవలసిందే.

బృందం పనిచేసే తీరు విస్తరణ శాస్త్రవేత్తలు శ్రద్ధగా గమనించదగినది. కొత్తవారు, నిపుణులు కలిసి నడుస్తారు. పక్షి కనిపించిన వ్యక్తి చెట్టును గడియారంగా ఊహించి ‘రెండు గంటల దిశలో, రెండవ కొమ్మ మీద’ అని అందరికీ వినిపించేలా చెబుతాడు. పేరు చెప్పడానికి ముందు లక్షణం చెప్పడం అక్కడి మర్యాద. ముక్కు సన్నమా లావా, రెక్క మీద చారలున్నాయా, తోక ఆడిస్తున్నదా అని నాయకుడు అడుగుతాడు. పొరపాటున తప్పు పేరు చెప్పినవారిని చిన్నబుచ్చడు. ఆ పేరుకు తగిన ఆధారం ఏమిటని మాత్రమే అడుగుతాడు. అందరూ చూచిన తరువాతనే బృందం ముందుకు కదులుతుంది. రోజు చివర నాయకుడు జాబితాలోని పేర్లను ఒక్కొక్కటిగా చదువుతాడు. చూచినవారు సంఖ్య చెబుతారు. తేడా వస్తే చర్చించి ఒక అంకెకు వస్తారు.

ఈ క్రమాన్ని తెగుళ్ళ గుర్తింపుతో పోల్చి చూడవచ్చు. పొలంలో ఆకు మీద మచ్చ కనిపించగానే మందు పేరు అడగడం, అడిగిన వెంటనే చెప్పడం రెండు వైపులా అలవాటుగా మారింది. మచ్చ అంచు ఏ రంగులో ఉన్నది, ముదురాకులపై మొదలైనదా లేతాకులపైనా, మడి అంతటా ఉన్నదా గట్టు పక్కనే ఉన్నదా అన్న ప్రశ్నలు వెనుకబడుతున్నాయి. లక్షణం ముందు, పేరు తరువాత, చర్య ఆ తరువాత అన్న క్రమం విద్యార్థికి అలవడడానికి పక్షి వీక్షణ చక్కని సాధనం. పక్షి ఎక్కువసేపు నిలవదు. కాబట్టి చూపుకు పదును, మాటకు పొదుపు రెండూ అవసరమవుతాయి.

మంచి రోజు ఎవరికి?

ఈ యాత్రల నుండి గ్రహించవలసిన ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. వసంతంలో దక్షిణపు గాలి వీచి, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున వలసపక్షులు గాలి సాయంతో దీవుల మీదుగా సాగిపోయి ప్రధాన భూభాగంలో వాలుతాయి. ఆ రోజు దీవికి వచ్చిన బృందానికి చెట్లు బోసిగా కనిపిస్తాయి. ఉత్తరపు గాలి ఎదురై, వాన కురిసిన రోజున శక్తి ఉడిగిన పక్షులు కనిపించిన మొదటి నేల మీద కుప్పలుగా దిగుతాయి. ఒక్కొక్క చెట్టు మీద పదుల కొద్దీ వార్బ్లర్లు, గడ్డిలో, ఇటుక గోడల మీద, కొన్నిసార్లు మనుషుల పాదాల దగ్గర కూడా కనిపిస్తాయి. వీక్షకులు ఏళ్ళ తరబడి చెప్పుకొనేది ఆ రోజు గురించే. నిజానికి అది పక్షుల పాలిట విపత్తు. దీవిని చేరలేక సముద్రంలో పడినవి ఎన్నో లెక్కకు రావు. చేరినవాటిని డేగలు వేటాడుతూ ఉంటాయి. వీక్షకుడికి పండుగ అయిన రోజు పక్షికి గండం.

ఇదే దీవిలో కనిపించే మరొక దృశ్యం తెలుగు పాఠకులకు మరింత దగ్గరగా ఉంటుంది. పశువుల వెంట, నాగలి వెంట తిరుగుతూ మిడతలను ఏరుకొనే తెల్లకొంగ తెలుగు పల్లెలలో పరిచితమైన పక్షి. దానికి అతి సమీప బంధువైన ఆఫ్రికా పశువుల కొంగ అట్లాంటిక్ దాటి దక్షిణ అమెరికా చేరి, అక్కడి నుండి వ్యాపించి 1953లో ఫ్లోరిడాలో గూడు కట్టింది. పశువుల మేపు పెరిగిన చోటల్లా అది పెరిగింది. కాని డ్రై టోర్టుగాస్‌లో పశువులు లేవు, పచ్చిక బయళ్ళు లేవు, మిడతలు లేవు. దారి తప్పి దిగిన కొంగలు ఆహారం దొరకక శుష్కించి, అలసిన చిన్న వార్బ్లర్లను పట్టి తినడానికి ప్రయత్నిస్తాయి. చివరకు అనేకం చనిపోతాయి. దూరం నుండి చూచిన సందర్శకుడికి కోట మైదానంలో నిలబడిన తెల్లని కొంగలు అందంగానే కనిపిస్తాయి. ఆ పక్షి తిండి ఏమిటో, ఆ నేల ఏమి ఇవ్వగలదో తెలిసినవారికి మాత్రమే అది ఆకలి అని అర్థమవుతుంది.

సంఖ్య దానంతట అది సత్యం చెప్పదు. ఆ సంఖ్య ఏ పరిస్థితిలో ఏర్పడినదో తెలిసినప్పుడే దానికి అర్థం వస్తుంది. విస్తరణ విభాగాలు దీనిని తమకు వర్తింపజేసుకొనవలసి ఉన్నది. పత్తిలో గులాబీ రంగు పురుగు ఉధృతమైన వారంలో శాస్త్రవేత్తల సభకు రైతులు ఎక్కువగా వస్తారు. ఆ హాజరును కార్యక్రమ విజయంగా నివేదికలో రాయడం, వాన రోజున దీవి నిండా దిగిన వార్బ్లర్లను చూచి పక్షుల సంతతి పెరిగిందని రాయడం వంటిదే. పైరు ఆరోగ్యంగా ఉన్న సంవత్సరం సభకు పదిమందే రావచ్చు. ఆ పదిమంది సంఖ్య శాస్త్రవేత్త వైఫల్యం కానక్కరలేదు.

ఒక పొలంలో శత్రువు, మరొక పొలంలో మిత్రుడు

ఏప్రిల్ చివరలో ఈ ద్వీపాల మీదుగా సాగిపోయే పక్షులలో బాబోలింక్ ఒకటి. దాని శాస్త్రీయ నామంలోని ‘ఒరైజివోరస్’ అన్న మాటకు వరిని తినేది అని అర్థం. శీతకాలంలో అది బొలీవియా, పరాగ్వే, అర్జెంటీనా దేశాలలో గడుపుతూ వరి చేలపై గుంపులుగా పడుతుంది. పందొమ్మిదవ శతాబ్దంలో దక్షిణ కరోలినా వరి రైతులు దానిని పెద్ద చీడగా భావించి తుపాకులతో తరిమేవారు. అదే పక్షి ఉత్తరాదిన వెర్మాంట్ వంటి రాష్ట్రాల పశుగ్రాస క్షేత్రాలలో నేల మీద గూడు కట్టి, పిల్లలను పురుగులతో పెంచుతుంది. అక్కడ దానికి ముప్పు మనిషి తుపాకీ నుండి రాదు. గడ్డి కోత తేదీ నుండి వస్తుంది. పాడి పశువులకు పోషక విలువ గల గడ్డి కావాలంటే ముందుగా కోయాలి. జూన్‌లో కోస్తే గుడ్లు, పిల్లలు యంత్రం కింద నశిస్తాయి. అందువల్ల మే నెలాఖరులోగా మొదటి కోత ముగించి, తరువాత 65 రోజులు కోయకుండా ఆగమని అక్కడి శాస్త్రవేత్తలు సూచించారు. కోత ఆలస్యం వల్ల రైతుకు కలిగే నష్టాన్ని దాతల విరాళాలతో భర్తీ చేసే పథకం కూడా అమలులోకి వచ్చింది. పక్షి జీవితచక్రాన్ని, పాడి రైతు ఆదాయాన్ని ఒకే పట్టికలో ఉంచి ఆలోచించిన విస్తరణ కృషికి ఇది మంచి నమూనా.

ఇటువంటి ద్వంద్వ స్వభావం గల పక్షి తెలుగు నేలకు కూడా వస్తుంది. గోరువంక కుటుంబానికి చెందిన గులాబీ వన్నె రోజీ స్టార్లింగ్ శీతకాలంలో వేల గుంపులుగా దిగి జొన్న కంకులను నష్టపరుస్తుంది. వసంతంలో అది మధ్య ఆసియాకు తిరిగి వెళ్ళి, మిడతలు పెరిగే చోట్ల గూళ్ళు కట్టి, వాటిని విపరీతంగా తింటుంది. చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతంలో మిడతల నివారణ కోసం ఈ పక్షులకు రాళ్ళతో గూళ్ళ స్థావరాలు కట్టించారు. తెలంగాణ జొన్న రైతు వడిసెలతో తరిమే పక్షిని అక్కడి పశుపోషకులు ఆహ్వానిస్తున్నారు. ఈ రెండు వాస్తవాలలో ఏ ఒక్కదానితోనో ఆ పక్షిపై తీర్పు చెప్పడం శాస్త్రీయం కాదు.

వలసపక్షుల విషయంలో ఒక దేశపు సాగు పద్ధతి మరొక దేశపు ఆకాశాన్ని ఖాళీ చేయగలదనడానికి స్వైన్సన్ డేగ ఉదంతం నిదర్శనం. ద్వీపాల మీదుగా కాక ప్రధానంగా మధ్య అమెరికా భూమార్గంలో ప్రయాణించే ఈ డేగ ఉత్తర అమెరికాలో సంతానోత్పత్తి చేసి, అర్జెంటీనా మైదానాలలో మిడతలు తింటూ శీతకాలం గడుపుతుంది. ఆ దేశంలో దానికి మిడతల డేగ అనే పేరే ఉన్నది. 1990వ దశకంలో ఉపగ్రహ పరికరాలు అమర్చిన డేగలను అనుసరించి వెళ్ళిన శాస్త్రవేత్తలకు అక్కడి పొలాలలో కళేబరాలు కనిపించాయి. 1995-96 కాలంలో ఐదు వేలకు పైగా కళేబరాలు లెక్కకు వచ్చాయి. మొత్తం మరణాలు 20,000 వరకు ఉంటాయని అంచనా వేశారు. లూసర్న్, పొద్దుతిరుగుడు చేలలో మిడతలపై చల్లిన మోనోక్రోటోఫాస్ దీనికి కారణమని తేలింది. మిడతలను ఉచితంగా తినిపెట్టే పక్షి, మిడతల మందు వల్లనే చనిపోయింది. ఆ దేశపు వ్యవసాయ పరిశోధన సంస్థ, ప్రభుత్వం, రైతులు, తయారీదారులు కలిసి ఆ మందు వాడకాన్ని ఆపించిన తరువాత మరణాలు తగ్గాయి.

మోనోక్రోటోఫాస్ పేరు తెలుగు రాష్ట్రాల పత్తి రైతుకు పరిచయం చేయనక్కరలేదు. కూరగాయలపై దాని వాడకాన్ని భారత ప్రభుత్వం 2005లో నిషేధించింది. ఆ మందు చల్లిన చేలలో పసుల పోలిగాడు, పాలపిట్ట, కొంగ ఏమైనాయో నమోదు చేసిన పుస్తకం ఏ గ్రామంలోనైనా ఉన్నదా అన్న ప్రశ్న మిగిలే ఉన్నది. అర్జెంటీనాలో కళేబరాలను లెక్కించేవారు ఉండబట్టి విధానం మారింది. లెక్కించేవారు లేని చోట చనిపోయిన పక్షి మరణించినట్లే కాదు. అది ఉన్నట్లు కూడా తెలియదు.

గుంపు చూపు విలువ

1900 సంవత్సరంలో అమెరికాలో క్రిస్మస్ వేటకు ప్రత్యామ్నాయంగా క్రిస్మస్ పక్షి గణన మొదలైంది. 2002లో కార్నెల్ విశ్వవిద్యాలయం ఈబర్డ్ అనే నమోదు వేదికను ప్రారంభించింది. దీనిలో పూర్తి జాబితాకు ప్రత్యేక విలువ ఉన్నది. గుర్తించిన పక్షులన్నింటినీ, గడిపిన సమయాన్ని, నడచిన దూరాన్ని, వీక్షకుల సంఖ్యను రాస్తేనే అది పూర్తి జాబితా. అప్పుడు రాయని పేరు కూడా సమాచారమే అవుతుంది. వెతికినా కనిపించలేదన్న మాటకు శాస్త్రంలో స్థానం కలిగింది. లింగాకర్షక బుట్టలో ఒక్క పురుగు కూడా పడని రోజున సున్నా రాయకుండా పుస్తకం మూసివేసే అలవాటు ఉన్న చోట ఈ పాఠం మరింత అవసరం.

ఇటువంటి గణనల ఆధారంగానే 2019లో అమెరికా, కెనడా దేశాలలో 1970 నుండి సుమారు 290 కోట్ల పక్షులు తగ్గాయని తేలింది. పచ్చికబయళ్ళ పక్షులు సగానికి పైగా తగ్గాయి. భారతదేశంలో 2023లో వెలువడిన ‘భారత పక్షుల స్థితి’ నివేదికకు సుమారు 30,000 మంది వీక్షకులు నమోదు చేసిన మూడు కోట్ల పరిశీలనలు ఆధారం. 942 జాతులను పరిశీలించి, 178 జాతులకు అధిక సంరక్షణ ప్రాధాన్యం ఇవ్వవలసి ఉన్నదని ఆ నివేదిక పేర్కొన్నది. తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరానాడు చూడడం శుభమని జనం భావించే పాలపిట్ట కూడా తగ్గుతున్న పక్షులలో ఉన్నది. పాలపిట్ట అడవి పక్షి కాదు. పొలాల మీది తీగలపై కూర్చొని మిడతలను, పురుగులను పట్టే రైతు పక్షి. దాని క్షీణత వ్యవసాయ శాస్త్రానికి సంబంధించిన సమాచారం. కాని ఆ సమాచారాన్ని సేకరించినవారిలో వ్యవసాయ విద్యార్థుల పాలు ఎంత అని విశ్వవిద్యాలయాలు తమను తాము ప్రశ్నించుకొనవలసి ఉన్నది.

అభ్యంతరాలు

ఈ సూచనకు ఎదురయ్యే అభ్యంతరాలను తేలికగా తీసివేయరాదు. మొదటిది, పక్షి వీక్షణ తీరిక గలవారి విలాసమన్నది. ద్వీపయాత్ర ఖర్చుతో కూడినదే; ఆ నౌక ఎక్కగలవారు అందరూ కారు. కాని యాత్రలో నేర్పే క్రమశిక్షణకు నౌక అవసరం లేదు. చెరువు గట్టు చాలు. పైగా ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు విస్తరణ విభాగమే సామాన్య ప్రజలకు ప్రకృతి పరిశీలనలో శిక్షణ ఇచ్చే కార్యక్రమాన్ని నడుపుతున్నది. అక్కడ దీనిని విస్తరణ పరిధికి వెలుపలి పనిగా భావించలేదు.

రెండవది, సందర్శకుల రాక వల్ల పక్షులకు కలిగే ఇబ్బంది. ఇది వాస్తవం. అలసిన పక్షిని ఛాయాచిత్రం కోసం వెంటాడితే అది మిగుల్చుకొన్న కొద్ది కొవ్వు కూడా ఖర్చవుతుంది. గూళ్ళ కాలంలో దీవిని మూసివేయడం, దూరం పాటించడం వంటి నియమాలు లేకుండా యాత్ర నడపరాదు.

మూడవది, రైతు వైపు నుండి వచ్చేది, అన్నింటికంటె బలమైనది. పొద్దుతిరుగుడు గింజ పాలు పోసుకొనే దశలో రామచిలుకల గుంపు పడితే కలిగే నష్టం అనుభవించినవారికే తెలుసు. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా ప్రకటించినది ఆ రామచిలుకనే. నష్టపోయిన రైతు ముందు పక్షుల అందం గురించి ఉపన్యసించడం విస్తరణ కాదు. అయితే ఏ పక్షి, ఏ వారంలో, ఏ వేళలో, ఎన్ని వచ్చి, ఏ గట్టు నుండి దిగుతున్నదో తెలియకుండా మెరుపు రిబ్బన్లు కట్టినా, కాపలా పెట్టినా ఫలితం పాక్షికమే. పక్షి నుండి పైరును కాపాడడానికి కూడా పక్షిని చూడడం రావాలి. రాజేంద్రనగర్‌లో దీర్ఘకాలం సాగిన వ్యవసాయ పక్షిశాస్త్ర పరిశోధన ఈ అవగాహనతోనే నష్టాన్ని, ప్రయోజనాన్ని రెండింటినీ పరిశీలించింది. ఆ పరిశోధన సాధారణ విద్యార్థి నోటు పుస్తకం వరకు రావలసి ఉన్నది.

చేయదగిన పని

సమగ్ర సస్యరక్షణలో భాగంగా ఎకరానికి ఎనిమిది నుండి పది పక్షి స్థావరాలు ఏర్పాటు చేయాలన్న సిఫారసు వ్యవసాయ కరపత్రాలలో ఏటేటా అచ్చవుతున్నది. నాటిన కర్రల సంఖ్య నివేదికలలో కనిపిస్తుంది. వాటిపై వాలిన పక్షుల సంఖ్య కనిపించదు. పసుల పోలిగాడు వాలినదా, కాకి వాలినదా, ఏదీ వాలలేదా అన్నది తెలియకుండా ఆ సిఫారసు ఫలితాన్ని అంచనా వేయడం సాధ్యం కాదు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో పల్లెలకు వెళ్ళే నాలుగవ సంవత్సరం విద్యార్థులు వారానికి ఒకసారి, ఉదయం ఒక గంట, ఒకే పొలం గట్టున కూర్చొని స్థావరాలపై వాలిన పక్షులను, అవి పట్టిన పురుగులను రాస్తే ఒక్క పంటకాలంలోనే విలువైన సమాచారం పోగవుతుంది. దీనికి ప్రత్యేక నిధులు అవసరం లేదు. ఒక బైనాక్యులర్, ఒక నోటు పుస్తకం, పూర్తి జాబితా రాయాలన్న నియమం చాలు.

ఒక్కరోజు బృందయాత్రకు కూడా ప్రతి కళాశాలకు చేరువలో స్థలం ఉన్నది. తిరుపతి విద్యార్థులకు పులికాట్ సరస్సు, అందులోని వేనాడు, ఇరకం దీవులు, గూడబాతుల నేలపట్టు ఉన్నాయి. బాపట్ల విద్యార్థులకు ఉప్పలపాడు, కొల్లేరు దూరం కాదు. నైర విద్యార్థులకు తేలినీలాపురం ఉన్నది. రాజేంద్రనగర్ వారికి హిమాయత్‌సాగర్, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రాలు ఉన్నాయి. శీతకాలపు విడిది ముగించుకొని పక్షులు ఉత్తరానికి మరలే ఫిబ్రవరి, మార్చి నెలలు యాత్రకు అనువైనవి. అయితే యాత్ర ఉత్సవంగా మారరాదు. పక్షులతో పాటు పొలాలను కూడా చూడాలి. చుట్టుపక్కల రైతులను, జాలరులను, పశుకాపరులను బృందంలో మార్గదర్శకులుగా కలుపుకొనాలి. ఏ పక్షి ఏ నెలలో వస్తుందో, ఏ మందు చల్లిన తరువాత రావడం మానివేసిందో చెప్పగలవారు వారే. తేలినీలాపురం గ్రామస్థులు తరతరాలుగా కాపాడుకొంటున్న పక్షులను చూడడానికి వెళ్ళిన విద్యార్థి, ఆ ఊరికి నేర్పడానికి ముందు ఆ ఊరి నుండి నేర్చుకొనవలసినది ఉన్నది.

మూల్యాంకనం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఎక్కువ జాతులు రాసినవారికి ఎక్కువ మార్కులు అన్న పద్ధతి పెడితే జాబితాలు పెరుగుతాయి, నిజం తగ్గుతుంది. గుర్తించలేకపోయిన పక్షిని గుర్తించలేదనే రాసి, కనిపించిన లక్షణాలను వర్ణించిన విద్యార్థికి మార్కులు ఇవ్వాలి. వెతికిన పక్షి కనిపించలేదని రాసిన జాబితాకు కూడా అంతే విలువ ఉండాలి. అదే జాబితా మరుసటి సంవత్సరపు విద్యార్థులకు అందాలి. ఒక్కరోజు చూపుకు విలువ తక్కువ. అదే స్థలంలో, అదే నెలలో, అదే నియమంతో పది సంవత్సరాలు సాగిన ఒక్కరోజు చూపుకు విలువ చాలా ఎక్కువ. విశ్వవిద్యాలయానికి ఉన్న బలం ఈ కొనసాగింపే. విద్యార్థులు మారుతారు, పొలం ఉంటుంది, పుస్తకం ఉంటుంది.

పక్షులను ప్రేమించమని వ్యవసాయ విద్యార్థిని కోరవలసిన అవసరం లేదు. పొలంలో జరుగుతున్నదానిని పూర్తిగా చూడమని కోరితే చాలు. పురుగును చూచి పక్షిని చూడని చూపు సగం చూపే. సగం చూపుతో ఇచ్చిన సలహాకు రైతు చెల్లించే మూల్యం మాత్రం పూర్తిగానే ఉంటుంది.